పాటల బండిలో ఈల



మన పాటల బండి ఈ వేసవి తర్వాత ఎందుకు మూగబోయిందని మీలో చాలామంది ఫోన్ చేసి అడిగారు. హైదరాబాదు నుండి అడిగారు, కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసుకుంటున్న అక్కలు అడిగారు. అందరికీ "ఏదో వైరింగ్ ప్రాబ్లం అమ్మా" అని చెప్పి ఫోన్ పెట్టేశాం. అది అబద్ధం కాదు గాని పూర్తి నిజం కూడా కాదు. ఈ వారం ఆ మిగతా నిజం మీకు రాస్తున్నాం.

మన బండి సంగతి కొత్తగా సంఘంలో చేరినవాళ్ళకు తెలియదు కాబట్టి రెండు మాటలు. అది పాత టాటా 407. ఒకప్పుడు పాల క్యాన్లు మోసిన బండి. వెనక ఒక పక్క తలుపు దించితే అదే స్టేజీ అవుతుంది. షామియానా, కుర్చీలు, జెనరేటర్, మైకు పెట్టెలు అన్నీ అందులోనే. క్యాబిన్‌లో స్టీరియో, వెనక పెట్టెలో యాంప్లిఫయర్, పైన రెండు హారన్ స్పీకర్లు. శనివారం సాయంత్రం పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు వేసుకుంటూ కనిగిరి చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాం. పొలం నుండి వచ్చేవాళ్ళు ఆ పాట విని, రేపు ఆదివారం అని గుర్తు తెచ్చుకుంటారు. మంచం మీద నుండి లేవలేని ఒక అవ్వ ఇంటి ముందు మాత్రం బండి ఆపి రెండు పాటలు పూర్తిగా వినిపించి కదులుతాం. ఆమెకు అదే గుడి.

జూన్‌లో మొదటి శనివారం బయలుదేరాం. స్టార్ట్ చేసి స్టీరియో ఆన్ చేయగానే పాట వెనక నుండి ఒక సన్నని ఈల. కుయ్... అని. యాక్సిలరేటర్ తొక్కితే ఈల కూడా పైకి లేస్తుంది, కాలు తీస్తే కిందికి దిగుతుంది. గేరు మార్చినప్పుడల్లా ఎవరో ఏడుపు ఆపి మళ్ళీ మొదలుపెట్టినట్టు ఉంది. ఆ రోజు అవ్వ ఇంటి ముందు ఆపితే ఆమె రెండు నిమిషాలు విని, "మీ బండి పాడట్లేదు నాయనా, ఏడుస్తోంది" అంది.

మేము నవ్వాం. ఆ మాట అంతటితో మరచిపోయాం.

ఇంజిన్ ఆపితే ఈల లేదు. అందుకని కొన్నాళ్ళు ప్రతి ఊళ్ళో ఇంజిన్ ఆపి పాటలు వేశాం. మూడో వారానికి బ్యాటరీ దిగిపోయింది. రాత్రి ఎనిమిదింటికి, కూడిక ముగిశాక, పదిమంది చేత 407ని తోయించుకుని స్టార్ట్ చేసుకున్నాం. వాక్యం విన్న పుణ్యానికి వాళ్ళకు ఒళ్ళు నొప్పులు మిగిలాయి.

ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. బండి వైరింగ్ అంతా చేసింది మన సంఘంలోని ఒక తమ్ముడు. టౌనులో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్చుకున్నవాడు. నిరుడు క్రిస్మస్ ముందు నాలుగు రాత్రులు కూర్చుని, ఒక్క రూపాయి తీసుకోకుండా, యాంప్లిఫయర్ బిగించి, వైర్లు లాగి, స్పీకర్లు కట్టాడు. బుధవారం ఉపవాస కూడికలో, ప్రార్థన అయిపోయి అందరూ లేస్తున్న వేళ, ఎవరో బండి సంగతి అడిగారు. మేము నవ్వుతూనే అన్నాం: "ఫ్రీగా చేసిన పని అలాగే ఉంటుంది మరి."

అందరూ నవ్వారు. ఆ తమ్ముడు తల దించుకుని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం రాలేదు. తరువాతి ఆదివారమూ రాలేదు. "పని ఒత్తిడి ఉండి ఉంటుంది" అని మేమే కారణం చెప్పుకున్నాం. వాళ్ళమ్మ మాత్రం వచ్చేది. ప్రార్థన అయ్యాక మాతో మాట్లాడకుండా వెళ్ళిపోయేది. అదీ చూశాం. చూసి ఊరుకున్నాం.

ఈలోగా ఈల మీద డబ్బు పెట్టడం మొదలుపెట్టాం. స్టీరియో పాడైందేమోనని మూడు వేల రెండు వందలు పెట్టి కొత్తది కొన్నాం. బిగించి స్టార్ట్ చేస్తే అదే ఈల. కొత్త స్టీరియో కదా, ఇంకా స్పష్టంగా వినిపించింది. తర్వాత ఎవరో చెబితే నాలుగు వందల యాభై పెట్టి ఫిల్టర్ అనే చిన్న డబ్బా ఒకటి తెచ్చి స్టీరియో కరెంటు వైరుకు పెట్టించాం. ఈల కొంచెం పల్చబడింది, పోలేదు. ఆ డబ్బు కానుక పెట్టెలోది. మీరు వేసినది. అందుకే లెక్క ఇక్కడ రాస్తున్నాం.

చివరికి టౌనులో బ్యాటరీ షాపు పక్కన లారీలకు వైరింగ్ చేసే ఒక పెద్ద భాయ్ దగ్గరికి వెళ్ళాం. గడ్డం నెరిసిన మనిషి. బండి చూడగానే పానా తీస్తాడనుకుంటే, స్టూలు వేసుకుని కూర్చుని "ఇంజిన్ ఆన్ చెయ్యండి అయ్యగారూ, ముందు విందాం" అన్నాడు.

విన్నాడు. యాక్సిలరేటర్ తొక్కమన్నాడు, వదలమన్నాడు. "ఇంజిన్‌తో పాటు లేస్తోంది, దిగుతోంది. అంటే డైనమో నుండి వస్తోంది. పెట్రోలు బండైతే ప్లగ్గుల చిటపట కూడా ఉంటుంది. మీది డీజిలు, ప్లగ్గులు లేవు. ఆ అనుమానం తీసేద్దాం" అన్నాడు. డైనమోలో పుట్టే కరెంటు నేరుగా బ్యాటరీకి పనికి రాదట. లోపల డయోడ్లు దాన్ని ఒకే దిక్కున పారేలా చేస్తాయి. అయినా నీటి మీద అల వంటి చిన్న వణుకు మిగులుతుంది. "ప్రతి బండిలోనూ ఆ వణుకు ఉంటుంది అయ్యగారూ. అది తప్పు కాదు. అది పాటలోకి ఎక్కడ దూరుతోందో అదీ తప్పు."

తర్వాత వాల్యూమ్ పూర్తిగా తగ్గించమన్నాడు. పాట ఆగింది, ఈల అంతే ఉంది. "చూశారా, స్టీరియో నోరు మూసినా ఈల ఆగలేదు. స్టీరియో లోపల పుట్టడం లేదు. దాని తర్వాత ఎక్కడో కలుస్తోంది." మూడు వేల రెండు వందలు గుర్తొచ్చి మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

తర్వాత వెనక పెట్టె తెరిచి, స్టీరియో నుండి యాంప్లిఫయర్‌కు వచ్చే ఆర్సీఏ వైర్లు పీకాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఇంజిన్ మోత తప్ప ఏమీ లేదు. "యాంప్లిఫయర్ మంచిదే. స్పీకర్లు మంచివే. పాట వచ్చే దారిలోనే ఈల ఎక్కుతోంది. ఇలా ఎక్కిందంటే నూటికి తొంభై సార్లు ఎర్తే."

మల్టీమీటర్ తెచ్చి ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, పొడుగు వైరుతో రెండోది యాంప్లిఫయర్ ఎర్త్ మీద పెట్టాడు. ఇంజిన్ ఆన్‌లో, లైట్లు వేసి, పాట వేసి చూశాడు. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలట. దాదాపు అర వోల్టు చూపించింది. "ఇది బ్యాటరీకి చెందినది, అది కూడా బ్యాటరీకి చెందినదే. ఇద్దరి మధ్య తేడా ఉండకూడదు. ఉందంటే మధ్యలో ఏదో అడ్డం ఉంది" అన్నాడు. ఎర్త్ వైరు ఉన్న బోల్టు విప్పాడు. దాని కింద, రింగు ఆనే చోట, ఇనుము కనబడలేదు. నీలం రంగు కనబడింది. నిగనిగలాడే, మందమైన, మంచి నీలం రంగు.

ఆ రంగు మేము వేసినదే.

మీకు గుర్తుండే ఉంటుంది, ఈస్టర్ ముందు బండికి రంగులు వేశాం. పెయింటర్‌కు ఇస్తే ఖర్చని ఇద్దరు కుర్రవాళ్ళను తోడు పెట్టుకుని మేమే వేశాం. పెట్టెలు విప్పి, బోల్టులు తీసి, లోపల కూడా వదలకుండా రెండు కోటింగులు కొట్టాం. పక్కలకు వాక్యాలు రాయించాం. ఆ ఎర్త్ బోల్టుకు సరిగ్గా బయటి వైపున ఉన్నది ప్రేమను గురించిన వాక్యమే.

యాంప్లిఫయర్ తీసుకున్న కరెంటు బండి ఇనుము మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్ళాలి. తిరుగు దారిలో రంగు అడ్డం పడింది. బోల్టు మరల దగ్గర ఎక్కడో కాస్త తగులుతోంది గనుక పని చేస్తోంది, కానీ ఆ దారి చాలదు. చాలకపోతే కరెంటు ఊరుకోదు, వేరే దారి వెతుక్కుంటుంది. పాట వచ్చే సన్న వైరు పైతొడుగు మీదుగా స్టీరియో ఎర్త్‌కు వెళ్ళడం మొదలుపెట్టింది. దానితో పాటు డైనమో వణుకు పాటలో కలిసింది. స్టీరియో మార్చినా, ఫిల్టర్ పెట్టినా లాభం లేకపోవడానికి కారణం ఇదే.

భాయ్ ఎమరీ పేపర్‌తో ఆ చోటు రుద్దాడు. తెల్లటి ఇనుము బయటపడేదాకా రుద్దాడు. పళ్ళున్న వాషర్ వేసి బోల్టు గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీసు రాశాడు. ఇంజిన్ నుండి ఛాసిస్‌కు వెళ్ళే ఎర్త్ పట్టీ కూడా తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేశాడు. మల్టీమీటర్ ఈసారి సున్నా పక్కనే నిలబడింది. స్టార్ట్ చేశాం. పాట వచ్చింది. పాట మాత్రమే వచ్చింది.

నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. మేము ఎక్కబోతుంటే పెట్టెలోకి మరోసారి చూసి అన్నాడు: "ఈ వైరింగ్ ఎవరు చేశారో గాని మంచి పని అయ్యగారూ. కరెంటు వైరు ఒక పక్క, పాట వైరు ఇంకో పక్క లాగాడు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాడు. డబ్బులు తీసుకునేవాళ్ళే ఇలా చెయ్యరు."

తిరుగు దారిలో బండిలో మంచి పాట వస్తోంది గాని మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఊరు రెండు కిలోమీటర్లు ఉందనగా మాలో ఒకరికి గుర్తొచ్చింది. రంగు వేసే రోజు ఆ తమ్ముడు పని మీద వెళ్తూ ఆగి, "ఎర్త్ బోల్టు కింద రంగు తగలనివ్వకండి అయ్యగారూ, కాయితం అంటించండి" అన్నాడు. మేము "సరేలే" అన్నాం. అంటించలేదు. మూడు నెలల తర్వాత ఆ నేరం అతని మీదే వేశాం.

ఆ రాత్రి మాకు మొదటి సమూయేలు గ్రంథం 15వ అధ్యాయం గుర్తొచ్చింది. ఎన్నోసార్లు ప్రసంగించిన అధ్యాయమే. అమాలేకీయుల మీదికి వెళ్ళిన సౌలు రాజు దేవుడు చెప్పినదంతా చేశానని ఎదురొచ్చి చెబుతాడు. సమూయేలు వాదించడు. మరి నా చెవుల్లో పడుతున్న ఈ గొర్రెల అరుపు ఏమిటని మాత్రం అడుగుతాడు. సౌలు అప్పుడు ఏమంటాడు? తెచ్చింది జనులు అంటాడు. మంచివాటిని బలి కోసం ఉంచారు అంటాడు. తప్పు వేరేవాళ్ళ మీదికి, కారణం దేవుని పని మీదికి.

ఇన్నేళ్ళు సౌలును గురించి మాట్లాడుతున్నప్పుడు మేము సమూయేలు పక్కన నిలబడి మాట్లాడాం. ఈసారి మా బండిలోనే గొర్రె అరిచింది. ఆ అరుపు మంచం మీద ఉన్న అవ్వకు మొదటి రోజే వినబడింది. మేము మాత్రం జనుల మీద వేశాం.

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు బలిపీఠం దగ్గర నిలబడిన మనిషితో చెప్పిన మాట మీకు తెలుసు. సహోదరునికి తన మీద ఏదో విరోధం ఉందని అక్కడ జ్ఞాపకం వస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. ఆ వచనంలో మమ్మల్ని పట్టుకున్నది ఒకటుంది. అర్పణ తెచ్చినవాడికి కోపం ఉందని ప్రభువు అనలేదు. ఎదుటివాడికి ఇతని మీద ఉన్నదని అన్నాడు. మాకు ఆ తమ్ముడి మీద కోపం ఏమీ లేదు కాబట్టి మా వైపు అంతా బాగానే ఉందనుకున్నాం. గాయపరచినవాడికి ఎప్పుడూ అలాగే ఉంటుంది.

తెల్లవారి వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ కుర్చీలు వేసింది గాని నవ్వలేదు. తమ్ముడు లోపలి నుండి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు చెప్పాం. నీ పనిలో తప్పు లేదు, తప్పు మాది, నువ్వు ముందే చెప్పినా వినలేదు, పైగా నీ మీదే వేశాం, క్షమించు అని అడిగాం.

అతను చాలాసేపటికి అన్నాడు. "ఈల సంగతి వినగానే ఎర్తేనని అనుకున్నా అయ్యగారూ. మరుసటి రోజు వచ్చి చూద్దామనే ఆ బుధవారం కూడికకు వచ్చా. మీరు అందరి ముందూ ఆ మాట అన్నారు."

వాళ్ళమ్మ అప్పుడు నోరు తెరిచింది: "నాలుగు రాత్రులు నిద్ర లేదయ్యగారూ మా పిల్లోడికి." అంతకు మించి ఆమె ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

అందరి ముందూ అన్నాం కాబట్టి అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ ఆదివారం ప్రసంగానికి ముందు సంఘం ఎదుట ఇదంతా చెప్పాం. ఆ రోజు అతను రాలేదు. తరువాతి ఆదివారం వచ్చి చివరి చాప మీద కూర్చున్నాడు. మైకు దగ్గరికి మాత్రం ఇంకా రాలేదు. మేము రమ్మని అడగలేదు. రంగు రెండు గంటల్లో వేశాం, ఇనుము దాకా రుద్దడానికి టైము పడుతుంది. అతనికి ఎంత టైము కావాలో అంత తీసుకోనివ్వండి. దయచేసి ఎవరూ అతని దగ్గరికి వెళ్ళి "అయ్యగారు క్షమాపణ అడిగారు కదా, ఇంకేంటి" అని అనవద్దు.

ప్రియులారా, ఆటోలు, ట్రాక్టర్లు, లారీలు నడిపే అన్నలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మీ బండిలో ఇలాంటి ఈల వస్తే ముందు డబ్బు తీయకండి. భాయ్ చేసిన వరుసలోనే చూడండి. ఇంజిన్‌తో లేస్తోందా? వాల్యూమ్ తగ్గిస్తే తగ్గుతోందా? పాట వైరు పీకితే పోతోందా? ఎర్త్ బోల్టు కింద ఏముంది? నూటికి తొంభై అక్కడే దొరుకుతుంది.

ఇళ్ళలో ఈల వినబడుతున్నవాళ్ళకు కూడా అదే వరుస చెబుతున్నాం. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మా బండిలో ఏ లోపమూ కనబడలేదు. పని పెరిగే కొద్దీ లోపం బయటపడింది. మేము కూడా ఈ వేసవిలో పరిచర్య ఎక్కువ చేశాం. రంగులు, రాతలు, కొత్త ఊళ్ళు. ఎంత తొక్కితే అంత ఈల. మేమేమో కొత్త స్టీరియో కొన్నాం. ఇంట్లో మాట మాటకీ విసుగు వస్తుంటే, ప్రార్థనలో ఏదో అడ్డం ఉన్నట్టుంటే, ఇంకా గట్టిగా పాడదాం అనుకోకండి. ఒకసారి ఆపి, ఎవరితో మనకు తిరుగు దారి మూసుకుపోయిందో చూడండి. మన పక్క నుండి వేసిన రంగు ఏదైనా ఉందేమో చూడండి.

మన ప్రాంతంలోనే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జాన్ క్లౌ దొరగారి కాలం అది. ఆ రోజున మైకు లేదు, స్పీకరు లేదు, బండి లేదు. భయంకరమైన కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని పేదలకు కూలి ఇప్పించి, వాళ్ళతో కలిసి ఉన్నారు. ఆ జనానికి ముందు చేరింది ఆ మనిషి నడత. మా చేతిలో రెండు హారన్ స్పీకర్లు ఉన్నాయి గనుక మా నడత కూడా అంత దూరమూ వినబడుతుందని ఇప్పుడు తెలిసింది.

పోయిన శనివారం బండి మళ్ళీ బయలుదేరింది. అవ్వ ఇంటి ముందు ఆపాం. రెండు పాటలు పూర్తిగా విన్నది. "ఇప్పుడు పాడుతోంది" అంది. అని, "ఆ పిల్లోడు బాగు చేశాడా?" అని అడిగింది.

"పిల్లోడు ముందే బాగా చేశాడు అవ్వా. మేమే పాడు చేశాం" అన్నాం.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, మా చెవులకు అలవాటైపోయిన శబ్దాలను మాకు వినిపించు. మా తప్పును ఇతరుల మీద వేసిన ప్రతి చోటుకు మమ్మల్ని నడిపించు. నవ్వుతూ అన్న మాటలతో మేము గాయపరచిన మా బిడ్డలను నీవే ఓదార్చు. అందమైన రంగు కింద మేము దాచినదాన్ని నీ చేతితో రుద్ది, నీకూ మాకూ మధ్య, మాకూ మా సహోదరులకూ మధ్య అడ్డం లేకుండా చెయ్యి. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.

వచ్చే శనివారం బండి పామూరు రోడ్డు వైపు వస్తుంది. దారిలో ఉన్నవాళ్ళు వినండి. మళ్ళీ ఈల వినిపిస్తే దయచేసి మాతో చెప్పండి. ఈసారి నవ్వం.